పూల్ క్యూల కోసం లేత్: చూడాల్సింది బెడ్ పొడుగా, స్పిండిల్ బోరా?

పూల్ పార్లర్ నడిపేవాళ్ళకీ, సొంత క్యూ (ఆటలో బంతిని కొట్టే కర్ర) మీద ప్రేమ కొంచెం ఎక్కువైన ఆటగాళ్ళకీ ఏదో ఒక రోజు ఈ ఆలోచన వస్తుంది, కర్ర కొసన ఉండే తోలు టిప్ ఊడినప్పుడల్లా, దాని కింది గొట్టం ఫెర్రుల్ పగిలినప్పుడల్లా ఎవరినో బతిమాలుకునే బదులు మనమే ఓ చిన్న లేత్, అంటే ముక్కని తిప్పుతూ చెక్కే మిషన్, కొనేసుకుంటే పోలా అని. అక్కడిదాకా బానే ఉంటుంది. వెతకడం మొదలెట్టాకే అసలు గందరగోళం. అమెరికా వీడియోలో ఒకాయన 12 బై 36 కంటే చిన్నది దండగ అంటాడు, పంజాబ్‌లోని బటాలాలో తయారయ్యే మిషన్లు అమ్మే డీలర్ నాలుగున్నర అడుగులు తీసుకోండి సార్ అంటాడు, ఆన్‌లైన్‌లో 7 బై 14 మినీ లేత్ బొమ్మ చూస్తే ముద్దొస్తుంది, ఇంకొకరెవరో క్యూల కోసమే చేసే క్యూ లేత్‌లు ఉన్నాయి కదా అంటారు, మధ్యలో వడ్రంగం తెలిసిన బాబాయ్ ఒకాయన కర్రకి వుడ్ లేత్ చాలదా ఏంటి అని తేల్చేస్తాడు.

తమాషా ఏంటంటే వీళ్ళలో ఎవరూ అబద్ధం చెప్పట్లేదు, ఒక్కొక్కరి మనసులో ఉన్న పని వేరు, అంతే. ఆ పనుల్ని విడదీసి చూస్తే లెక్క తేలిపోతుంది. అన్నిటికంటే ముందు క్యూ కొలతలు చూడాలి, ఎందుకంటే మిషన్ సైజు నిర్ణయించేది అవే.

క్యూ ఎక్కడ ఎంత లావుంటుంది

మామూలు పూల్ క్యూ 58 అంగుళాలు, మధ్యలో మర తిప్పితే రెండు ముక్కలవుతుంది. ముందు ముక్క షాఫ్ట్, వెనక చేత్తో పట్టుకునేది బట్, ఒక్కోటి దాదాపు 29 అంగుళాలు, అంటే 737 మి.మీ. షాఫ్ట్ కొసన తోలు టిప్, దాని కింద ప్లాస్టిక్ లాంటి పదార్థంతో చేసిన చిన్న గొట్టం, అదే ఫెర్రుల్. టిప్ దగ్గర లావు 12 నుంచి 13 మి.మీ. రెండు ముక్కలూ కలిసే జాయింట్ దగ్గర దాదాపు 21.5 మి.మీ. బట్ అడుగున దాదాపు 32 మి.మీ. ఈ మూడు అంకెలు, అంటే 13, 21.5, 32 గుర్తుంటే చాలు, కింద లెక్కలన్నీ వీటి మీదే నడుస్తాయి.

షాఫ్ట్ ఇటు నుంచి అటు ఒకే వాలులో లావెక్కదు, ఇలా పొడుగునా లావు మారడాన్నే టేపర్ అంటారు. ప్రో టేపర్ అనే రకంలో టిప్ నుంచి ఓ 10, 12 అంగుళాల దాకా దాదాపు ఒకే లావు ఉండి, ఆ తర్వాతే పెరుగుతుంది. బ్రిడ్జి వేసిన చేతిలో, అంటే కర్రకి ముందు ఆసరాగా టేబుల్ మీద పెట్టిన చేతి వేళ్ళ మధ్య, కర్ర సాఫీగా జారాలంటే అలా ఉండాలి మరి. లేత్ ఎంపికలో ఈ చిన్న విషయం పెద్ద తలనొప్పి అవుతుంది, టేపర్ దగ్గర చెప్తాను.

రిపేరు ఒక పని, తయారీ ఇంకో పని

రిపేరు అంటే ఎక్కువగా కర్ర కొసల్లో జరిగేది. పాత టిప్ కోసెయ్యడం, ఫెర్రుల్ ముఖాన్ని చదును చెయ్యడం (లేత్ షాపుల్లో దీన్నే ఫేసింగ్ అంటారు), కొత్త టిప్ అంటించి పక్కలు ఫెర్రుల్‌తో సమానం చేసి పైన గుండ్రం తేవడం, ఫెర్రుల్ మార్చడం, జాయింట్ రింగు ఊడితే సరిచెయ్యడం. ఇవన్నీ చివర ఓ 50, 60 మి.మీ. లోపు పనులు. షాఫ్ట్ శుభ్రం చెయ్యడం, హ్యాండిల్ మీద ఐరిష్ లినెన్ దారం కొత్తగా చుట్టడం మాత్రం కొంచెం పొడుగు పనులు, వాటికి కావాల్సింది బలం కాదు, కాలితో నొక్కితే నెమ్మదిగా తిరిగే కంట్రోల్.

తయారీ అంటే చతురస్రం ముక్కనో గుండ్రటి డోవెల్‌నో తీసుకుని 29 అంగుళాల పొడుగునా టేపర్ తియ్యడం, లోపల జాయింట్ పిన్నుకి హోల్ వేసి మర వెయ్యడం, బట్‌లో రెండు మూడు రకాల చెక్కలు కలపడం. ఇక్కడ మిషన్ పొడుగు కావాలి, టేపర్ తీసే ఏర్పాటు కావాలి, ఇంకా బోలెడు ఓపిక కావాలి.

రిపేరుకి మంచిదైన మిషన్ తయారీకి సరిపోకపోవచ్చు. తయారీకి కొన్న పెద్ద మిషన్ మీద టిప్ మార్చడం హాయిగా కుదురుతుంది, కాకపోతే 13 మి.మీ. తోలు ముక్క కోసం వందల కిలోల ఇనుము తిప్పుతూ కూర్చోవాలి.

12 బై 36 అన్నా, నాలుగున్నర అడుగులన్నా కొలిచేది ఒకటి కాదు

అమెరికా, చైనా మిషన్ల మీద ఉండే రెండు అంకెల్లో మొదటిది స్వింగ్, అంటే బెడ్‌కి (మిషన్ అడుగున ఉండే పొడుగాటి ఇనుప దిమ్మకి) తగలకుండా ఎంత వ్యాసం ఉన్న జాబ్, అంటే చెక్కే ముక్క, తిరుగుతుందో అది. రెండోది సెంటర్ల మధ్య దూరం, అంటే ఎడమవైపు జాబ్‌ని తిప్పే హెడ్‌స్టాక్‌లో సెంటర్ అనే మొనకీ, కుడివైపు కొసని ఆపే టెయిల్‌స్టాక్‌లో సెంటర్‌కీ మధ్య ఎంత పొడుగు జాబ్ పడుతుందో అది. 12 బై 36 అంటే 12 అంగుళాల స్వింగ్, 36 అంగుళాల దూరం.

మన దగ్గర బటాలా, లూధియానా, రాజ్‌కోట్ మిషన్లు అమ్మేవాళ్ళు ఎక్కువగా మాట్లాడేది బెడ్ పొడుగు అడుగుల్లో, దాంతోపాటు సెంటర్ హైట్. సెంటర్ హైట్ అంటే స్వింగ్‌లో సగం, అక్కడి 12 అంగుళాల స్వింగ్ ఇక్కడ 6 అంగుళాల సెంటర్ హైట్ అవుతుంది. రెండూ పక్కపక్కన పెట్టుకుని ఇది సగం సైజే అనుకునేవాళ్ళు చాలామంది.

అడుగుల దగ్గర ఇంకో తికమక ఉంది. నాలుగున్నర అడుగులంటే 1370 మి.మీ., చాలానే ఉంది కదా, 737 మి.మీ. బట్‌కి ఎక్కువే అనిపిస్తుంది. కానీ ఆ బెడ్ మీదే హెడ్‌స్టాక్ కూర్చోవాలి, టెయిల్‌స్టాక్ కూర్చోవాలి, అవి తినగా సెంటర్ల మధ్య మిగిలేది సగం పైచిలుకే, అంటే 700 చుట్టుపక్కల. హెడ్‌స్టాక్ ముందు, జాబ్‌ని దవడలతో పట్టుకునే చక్ ఒకటి పట్టిస్తాం, అదింకో 80, 100 మి.మీ. మింగేస్తుంది. అలా నాలుగున్నర అడుగుల మిషన్ బట్ తయారీకి జానెడు దూరంలో ఆగిపోతుంది, ఆరడుగులది హాయిగా సరిపోతుంది. డీలర్‌ని బెడ్ ఎంత అని అడిగితే అడుగుల్లోనే చెప్తాడు, సెంటర్ల మధ్య ఎంత పడుతుంది అని అడిగితేనే మనకి పనికొచ్చే అంకె వస్తుంది.

స్వింగ్ గురించి మాత్రం బెంగ అక్కర్లేదు. మన జాబ్ లావెక్కినా 32 మి.మీ., ఏ బుల్లి లేత్ మీదైనా తిరుగుతుంది. పెద్ద స్వింగ్ కోసం ఎక్కువ డబ్బు పెట్టడం క్యూల వరకు వృథా.

అసలు ఇరుక్కునేది స్పిండిల్ బోర్ దగ్గర

హెడ్‌స్టాక్ లోపల తిరిగే ఇరుసు స్పిండిల్, దాని మధ్యలో ఇటు నుంచి అటు దాకా ఉండే హోలే బోర్. మామూలు లేత్ షాపులో దీన్ని పొడుగు రాడ్లు దూర్చడానికి వాడతారు, అది ఎంతుందో పెద్దగా ఎవరూ పట్టించుకోరు. క్యూ వాళ్ళకి మాత్రం ప్రాణం అంతా ఇక్కడే, ఎందుకంటే కొసన పని చెయ్యాలంటే మిగతా కర్ర మొత్తం ఆ బోర్‌లో దాక్కోవాలి.

మొదటి లెక్క, మినీ లేత్. 7 బై 12, 7 బై 14 అని అమ్మే చైనా మిషన్లకి బోర్ సాధారణంగా 20 మి.మీ., వాటితో వచ్చే 80 మి.మీ. మూడు దవడల చక్‌కి మధ్య హోల్ ఇంకా చిన్నది, 16 మి.మీ. షాఫ్ట్‌ని హెడ్‌స్టాక్ వెనక నుంచి దూర్చి టిప్ ముందుకి తీద్దాం. చక్ దగ్గర కర్ర లావు 13, వెనక బోర్ నోటి దగ్గర 14 కూడా దాటదు, సుఖంగా పడుతుంది. టిప్, ఫెర్రుల్ పనులకి ఈ మిషన్ చాలు. ఇప్పుడు అదే షాఫ్ట్ జాయింట్ వైపు పని ఉంది, టిప్‌ని ముందు నుంచి లోపలికి దూర్చాలి. కర్ర 16 మి.మీ. లావెక్కిన చోట చక్ హోల్‌లో ఆగిపోతుంది. ప్రో టేపర్ షాఫ్ట్ 12 అంగుళాల దాకా 13 ఉండి అక్కడ్నుంచి 21.5కి పెరుగుతుందనుకుంటే, ఆగేది టిప్ నుంచి 457 మి.మీ. దగ్గర, బయట 280 మి.మీ. పొడుచుకుని ఉంటుంది. అంత బయటికి ఉన్న కర్రకి స్టెడీ అనే ఆసరా పెడితే తప్ప పని జరగదు. బట్ సంగతి ఇంకా సులువు, జాయింట్ కొసే 21.5, బోర్ 20, అసలు దూరదు, కథ అక్కడితో ముగిసింది.

రెండో లెక్క, 26 మి.మీ. బోర్ ఉన్న మధ్యరకం మిషన్. బట్‌ని వెనక నుంచి జాయింట్ ముందుండేలా తోస్తాం. బట్ 737 మి.మీ.లో 21.5 నుంచి 32కి పెరుగుతుంది కాబట్టి 26 అయ్యేది జాయింట్ నుంచి 316 మి.మీ. దగ్గర, అంతకు మించి లోపలికి పోదు. హెడ్‌స్టాక్ వెనక నుంచి చక్ ముఖం దాకా 400 మి.మీ. ఉందనుకుందాం, అప్పుడు జాయింట్ కొస చక్ లోపలే 84 మి.మీ. ముందు ఆగిపోతుంది. బోర్ చాలు అనుకుని కొంటే జాయింట్ కంటికి కనపడుతుంది గానీ టూల్‌కి అందదు.

మూడోది, 38 మి.మీ. బోర్. బట్ ఇటు నుంచి అటు మొత్తం పోతుంది, కర్రకి గీత పడకుండా చుట్టూ తొడిగే నైలాన్ కాలెట్‌కి కూడా చోటు మిగులుతుంది. ఇక్కడా ఒక మెలిక ఉంది, దాని మీద 125 మి.మీ. చక్ ఉంటే చాలా చక్‌ల మధ్య హోల్ 30 మి.మీ. మాత్రమే. జాయింట్ పనికి ఇబ్బంది లేదు, బట్ అడుగున రబ్బర్ బంపర్ వైపు పని వస్తే మాత్రం చివరి 140 మి.మీ. బయటే ఉండిపోతుంది. 160 మి.మీ. చక్ వేస్తే హోల్ 40, అప్పుడు ఆ గొడవ లేదు. బ్రోచర్‌లో స్పిండిల్ బోర్ రాస్తారు, చక్ హోల్ ఎవరూ రాయరు.

అమెరికాలో పాత మిషన్ల మార్కెట్లో దీని ప్రభావం బాగా కనిపిస్తుంది. సౌత్ బెండ్ 9 అంగుళాల లేత్ బోర్ ముప్పావు అంగుళం, అదే కంపెనీ హెవీ 10 బోర్ 1 3/8 అంగుళాలు, అంటే 35 మి.మీ. బయటికి చూస్తే ఒక్క అంగుళం తేడా ఉన్న అన్నదమ్ములు, క్యూ పనికి వచ్చేసరికి ఒకటి షాఫ్ట్ టిప్ పనుల దగ్గరే ఆగిపోతే రెండోది బట్‌ని మింగేస్తుంది. అక్కడ గ్యారేజ్‌లో పాత లేత్ పెట్టుకోవాలని చూసే మన తెలుగువాళ్ళకి ఈ తేడా డబ్బుల్లోనే తెలుస్తుంది.

మన దేశంలో లైట్ డ్యూటీ లేత్‌లకి 38 నుంచి 50 పైన బోర్ రావడం మామూలే. ఈ విషయంలో బటాలా మిషన్ ఖరీదైన విదేశీ మినీ లేత్ కంటే చాలా ముందుంది, ఎందుకో ఎవరూ ఈ మాట గట్టిగా చెప్పరు.

వెనకాల వేలాడే కర్ర

టిప్ పని చేస్తున్నప్పుడు షాఫ్ట్‌లో సగం పైన హెడ్‌స్టాక్ వెనక గాల్లో ఉంటుంది. దానికి ఆసరా లేకుండా వేగం పెంచితే కొస ఊగడం మొదలై, ఊగేకొద్దీ ఇంకా వంగి, చివరికి కొరడాలా కొట్టుకుంటుంది. కర్ర విరుగుతుంది, పక్కనున్న మనిషికి తగిలితే ఇంకా ఘోరం. అందుకే స్పిండిల్ వెనక కొసన కూడా చిన్న చక్ గానీ, మూడు నాలుగు స్క్రూలతో కర్రని మధ్యకి తెచ్చే ఏర్పాటు గానీ ఉండాలి, క్యూ లేత్‌లలో అది కంపెనీయే ఇస్తుంది, మామూలు లేత్‌కైతే ఆటోనగర్‌లో చేయించుకోవాల్సిందే.

స్నూకర్ క్యూలైతే ఇంకో సమస్య. నాలుగింట మూడొంతులు ముందు ముక్కలోనే ఉండే త్రీ క్వార్టర్ జాయింట్ క్యూకి ఆ ముక్కే 40 అంగుళాల పైన ఉంటుంది, వన్ పీస్ అయితే మొత్తం నాలుగున్నర అడుగుల పైనే. హెడ్‌స్టాక్ ఎడమవైపు గోడ రెండడుగుల్లో ఉంటే మిషన్ ఎంత గొప్పదైనా క్యూ దూర్చడానికి చోటు లేదు. గది కొలతలు ముందు, మిషన్ కొలతలు తర్వాత.

అవుట్ ఎంత ఉంటే ఎంత నష్టం

లేత్ షాపుల్లో జాబ్ అవుట్ కొడుతోంది అంటారు, అంటే మధ్యకి తిరగకుండా ఎగుడుదిగుడుగా తిరుగుతోందని. మూడు దవడల చక్‌లో 0.05 నుంచి 0.1 మి.మీ. అవుట్ ఉండటం పెద్ద తప్పేం కాదు. ఒక్కో దవడని విడిగా బిగించే నాలుగు దవడల ఇండిపెండెంట్ చక్‌లో, అవుట్ ఎంతో ముల్లుతో చూపించే డయల్ గేజ్ పెట్టి ఓపిగ్గా తిప్పుకుంటే 0.01 దాకా తేవచ్చు. క్యూలు చేసేవాళ్ళ మాటల్లో ఎక్కువ వినపడేది ఈ అవుట్ గురించే. లెక్క వేసి చూస్తే మాత్రం దానికంటే ప్రమాదకరమైనది ఇంకోటి ఉంది.

జాయింట్ దగ్గర షాఫ్ట్ 0.05 మి.మీ. పక్కకి జరిగిందనుకోండి. టిప్ దగ్గర కూడా అంతే, 0.05 జరుగుతుంది. వేలితో తడిమితే జాయింట్ దగ్గర కొంచెం అంచు తెలుస్తుందేమో, ఆటలో ఏమీ తెలీదు. ఇప్పుడు జరగలేదు గానీ జాయింట్ ముఖం వాలిందనుకుందాం, 21.5 మి.మీ. వెడల్పులో ఒక అంచు రెండోదానికంటే 0.05 ఎత్తుగా ఉంది. ఆ వాలు 737 మి.మీ. పొడుగునా సాగుతుంది, 0.05ని 21.5తో భాగించి 737తో హెచ్చిస్తే 1.7 మి.మీ. టిప్ అంత పక్కకి పోతుంది, టేబుల్ మీద దొర్లిస్తే ఆ కొస 3.4 మి.మీ. మేర ఊగుతూ కనపడుతుంది. కర్ర వంకర పోయిందని కస్టమర్ గొడవ పెట్టుకుంటాడు, నిజానికి కర్ర నిటారుగానే ఉంది, ముఖం వాలింది.

కాబట్టి లేత్‌లో చూడాల్సిన కచ్చితత్వం కర్ర ఎంత మధ్యలో తిరుగుతుంది అన్నదొకటే కాదు, టూల్‌ని అడ్డంగా నడిపే క్రాస్ స్లైడ్ స్పిండిల్‌కి లంబంగా పోతోందా, బోర్ వెనక కొసన కూడా కర్ర మధ్యలో ఉందా అన్నది కూడా. వెనక కొస వాలి ఉంటే ముందు డయల్ గేజ్ సున్నా చూపించినా ఫేసింగ్ వాలుగానే వస్తుంది. టిప్ అంటించే ముఖానికీ ఇదే వర్తిస్తుంది, ఫెర్రుల్ ముఖం సరిగ్గా చదునుగా లేకపోతే ఒక పక్క జిగురు మందంగా ఉండి టిప్ మొదట అక్కడే లేస్తుంది.

టేపర్ దగ్గర మంచి లేత్‌లు కూడా తడబడతాయి

పొడుగాటి టేపర్‌కి పాత పద్ధతి టెయిల్‌స్టాక్‌ని పక్కకి జరపడం. బట్‌కి లెక్క వేస్తే 32లోంచి 21.5 తీసేస్తే 10.5, అందులో సగం 5.25 మి.మీ. టెయిల్‌స్టాక్‌ని అంత జరిపితే నిటారైన టేపర్ వచ్చేస్తుంది, ఖర్చేమీ లేదు. ఇబ్బందేంటంటే ఇది ఒకే వాలు ఇస్తుంది, ప్రో టేపర్ షాఫ్ట్‌కి పనికిరాదు. పైగా పని అయ్యాక టెయిల్‌స్టాక్‌ని మళ్ళీ మధ్యకి తేవడం ఓ పూట పని, అది బద్ధకించి వదిలేస్తే తర్వాత వేసే ప్రతి హోల్ పక్కకి పోతుంది.

రెండో దారి టేపర్ అటాచ్‌మెంట్, మెటల్ లేత్‌లకి దొరికేవి ఎక్కువగా అడుగు పొడుగులోపు పని చేస్తాయి, మనకి కావాల్సింది రెండున్నర అడుగులు. అందుకే క్యూ తయారీదార్లు బెడ్ వెనక పొడుగాటి టేపర్ బార్ బిగించి, టూల్‌ని మోసే క్యారేజ్ బెడ్ పొడుగునా నడుస్తుంటే టూల్ ఆ బార్ ఆకారాన్ని అనుసరించేలా చేసుకుంటారు. బార్‌ని ఏ ఆకారంలో గీస్తే షాఫ్ట్ ఆ ఆకారంలో వస్తుంది. మూడోది సీఎన్‌సీ, ఆకారం కంప్యూటర్లో ఉంటుంది, మార్చడం తేలిక, కాకపోతే ఖర్చుతో పాటు అది నేర్చుకునే సమయం కూడా లెక్కలో వేసుకోవాలి.

ఈ పనిలో లేత్ టూల్‌తో నేరుగా కోయరన్నది బయటివాళ్ళకి ఆశ్చర్యంగా ఉంటుంది. జాబ్ పొడుగు వ్యాసానికి 10, 12 రెట్లు దాటితే స్టెడీ పెట్టమని ఏ టర్నర్ అయినా చెప్తాడు, షాఫ్ట్ దగ్గర అది దాదాపు 57 రెట్లు. టూల్ ఆనించగానే మధ్యలో కర్ర వెనక్కి వంగుతుంది, అరుస్తుంది, నడుము లావుగా వస్తుంది. అందుకని టూల్ పోస్ట్ ఉండే చోట చెక్క కోసే చిన్న ట్రిమ్ రౌటర్ మిషన్ బిగించి, నిమిషానికి పాతిక, ముప్పై వేల చుట్లు తిరిగే దాని బ్లేడుతో, నెమ్మదిగా తిరిగే కర్రని కొద్దికొద్దిగా చెక్కుతారు. అది కూడా ఒక్క రోజులో కాదు. కొంచెం చెక్కి, కర్రని వేలాడదీసి కొన్ని వారాలు వదిలేసి, లోపలి బిగువు సడలి అది ఎటు వంగుతుందో చూసి, మళ్ళీ కొంచెం చెక్కుతారు. మేపుల్ కర్ర 6 నుంచి 8 శాతం తేమ దగ్గర బాగుంటుంది. విశాఖ గాలిలో వానాకాలం పొడుగునా బయట పెడితే అక్కడ నిలవదు, కాబట్టి మన తీరప్రాంతంలో తయారీ చెయ్యాలనుకునేవాళ్ళకి లేత్ తర్వాతి ఖర్చు తేమ తగ్గించే మిషన్.

మోటార్, స్పీడ్, కరెంట్

రౌటర్ కోస్తోంది కాబట్టి లేత్ మోటార్‌కి గుర్రాల బలం అక్కర్లేదు, అర హెచ్‌పీ కూడా చాలు. కావాల్సింది స్పీడు మార్చుకునే వీలు, దారం చుట్టడానికి బాగా తక్కువ, టిప్‌కి పాలిష్‌కి కొన్ని వందల నుంచి వెయ్యి పైన. బెల్టు మార్చి స్పీడు మార్చే బరువైన మిషన్లు ఈ విషయంలో విసిగిస్తాయి. వాటికి త్రీ ఫేజ్ మోటార్ ఉంటే వీఎఫ్‌డీ పెట్టడం చాలామంది చేసే పని, ఇంట్లో ఉండే సింగిల్ ఫేజ్ తీసుకుని అది త్రీ ఫేజ్ ఇస్తుంది, నాబ్ తిప్పితే స్పీడు మారుతుంది. మన దగ్గర చిన్న త్రీ ఫేజ్ మోటార్లు ఎక్కువగా 415 వోల్టులకి స్టార్ కనెక్షన్‌లో వస్తాయి, సింగిల్ ఫేజ్ వీఎఫ్‌డీతో నడపాలంటే దాన్ని డెల్టాకి మార్చాలి, ఇది తెలిసిన ఎలక్ట్రీషియన్ చెయ్యాల్సిన పని.

ఎవరి వాదన వాళ్ళది

క్యూ లేత్ పక్షం వాళ్ళు చెప్పేది, అమెరికాలో క్యూస్మిత్, పోర్పర్ లాంటి పేర్లతో వచ్చినవి ఈ ఒక్క పని కోసమే పుట్టాయి, బోర్ పెద్దది, బరువు తక్కువ, ఇద్దరు మనుషులు మోసేయొచ్చు, మామూలు ప్లగ్గులో పెడితే నడుస్తుంది, వెనక ఆసరా, కాలెట్లు అన్నీ వాటితోనే వస్తాయి. నిజమే. ఎదుటివాళ్ళ మాట, తేలికైన బెడ్ మీద స్టీల్ జాయింట్ లాంటి గట్టి పని నిదానంగా సాగుతుంది, మనకైతే సముద్రం దాటి రావాలి, రవాణా, కస్టమ్స్ కలిపితే ధర పెరిగిపోతుంది, ఒక భాగం విరిగితే మళ్ళీ అక్కడి నుంచే తెప్పించుకోవాలి. ఇదీ నిజమే.

పెద్ద మెటల్ లేత్ పక్షం బరువుని నమ్ముతుంది. పోత ఇనుము బెడ్ వణకదు, జాయింట్ పిన్ మర, క్యారేజ్‌ని నడిపే లీడ్ స్క్రూతో కచ్చితంగా కొయ్యొచ్చు, బాలానగర్‌లోనో ఆటోనగర్‌లోనో దాన్ని బాగుచేసే చెయ్యి దొరుకుతుంది. దానికి మూల్యం చోటు, నేల బలం. మేడ మీద గదిలో పెట్టాలనుకునేవాళ్ళకి ఈ దారి మూసుకుపోయినట్టే.

రెండు మిషన్ల పక్షం కూడా ఒకటుంది, టిప్‌లకి చిన్నది, తయారీకి వేరేది. అమెరికాలో పెద్ద వర్క్‌షాపుల్లో ఒక్కో పనికి ఒక్కో లేత్ సెట్ చేసి వదిలేస్తారు, ఎందుకంటే ఒక్కసారి కుదిరిన సెట్టింగు చెరపడం ఎవరికీ ఇష్టం ఉండదు. మన పార్లర్ లెక్కల్లో నాకు మాత్రం ఇందులో మొదటి సగమే సబబుగా కనపడుతుంది, రోజూ వచ్చేవి టిప్‌లు, ఫెర్రుల్‌లే కాబట్టి.

వుడ్ లేత్ సంగతి. దాంట్లో క్యారేజ్ ఉండదు, ఉలి చేత్తో పట్టుకుని చెక్కాలి. మంచం కోళ్ళకి, బొంగరాలకి అది సరిపోతుంది, ఎంత చెయ్యి తిరిగినవాడైనా 737 మి.మీ. పొడుగునా మి.మీ.లో పదో వంతు కొలత నిలపడం కష్టం. శుభ్రం చెయ్యడానికి, పాలిష్‌కి పనికొస్తుంది, అంతే.

స్నూకర్ వాళ్ళు లేత్ ఊసే ఎందుకు ఎత్తరు

1875లో జబల్‌పూర్‌లో బ్రిటిష్ ఆఫీసర్ల మెస్‌లో పుట్టిన స్నూకర్ తనతో పాటు ఇంగ్లండ్ క్యూ సంప్రదాయాన్నే నిలుపుకుంది. యాష్ అనే చెట్టు కర్రని చిత్రిక పట్టి, అంటే చేతి ర్యాండాతో తోసి గుండ్రం చేస్తారు, ఎబొనీ అనే నల్లటి చెక్క బట్‌ని నాలుగు పక్కలా అంటించి మళ్ళీ చిత్రిక పడతారు. ఇలా చేసిన క్యూ లేత్ మీద చేసినంత కచ్చితమైన గుండ్రం ఉండదు, ఆటగాళ్ళకి అదేం పట్టదు, బట్ అడుగున ఒక పక్క ఏటవాలుగా కోసి ఉంటుంది కాబట్టి పూల్ క్యూలా వేళ్ళ మధ్య తిప్పి చూసుకునే వాళ్ళూ తక్కువ. కాబట్టి లేత్ లేకుండా క్యూ చెయ్యలేరు అనే మాట పూల్ వైపు నుంచే వస్తుంది. ఇక్కడ కూడా 9.5, 10 మి.మీ. ఇత్తడి ఫెర్రుల్ ఎక్కించడానికి, టిప్ చదును చెయ్యడానికి చిన్న లేత్ ఉంటే పని నీటుగా వస్తుంది.

దుమ్ము, కార్బన్, చెక్క

మెటల్ లేత్ బెడ్ మీద ఆయిల్ ఉంటుంది, దాని మీద చెక్క పొడి, శాండ్ పేపర్ గీకుడు పడితే రెండూ కలిసి బెడ్‌ని అరగదీసే ముద్ద అవుతుంది. అందుకే పాలిష్ పెట్టేటప్పుడు బెడ్ మీద కాగితమో గుడ్డో కప్పుతారు, వ్యాక్యూమ్ నడుపుతారు. కార్బన్ ఫైబర్ షాఫ్ట్‌లు 2016లో ప్రెడేటర్ కంపెనీ రెవో షాఫ్ట్ వచ్చాక బాగా పెరిగాయి, వాటి టిప్ మార్చడం మామూలుగానే ఉంటుంది గానీ గొట్టాన్ని గీకితే వచ్చే పొడి కరెంట్‌ని ప్రవహింపజేస్తుంది, మోటార్ కంట్రోల్ బోర్డులోకి వెళ్తే కాలిపోతుంది, ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ఇంకా పెద్ద గొడవ. రోజ్‌వుడ్ పొడి కొందరికి దద్దుర్లు తెస్తుంది. ఇక బట్‌కి మన కడప ఎర్రచందనం అయితే ఎంత బాగుంటుందో అని ఎవరికైనా అనిపిస్తే, లేత్ కంటే ముందు అటవీ శాఖ అనుమతి గురించి ఆలోచించుకోవాలి.

పాత మిషన్ కొనేటప్పుడు అరుగుదల లెక్క

మూతబడిన వర్క్‌షాపుల నుంచి పాత హెచ్‌ఎంటీ, బటాలా లేత్‌లు వస్తుంటాయి. వీటిలో బెడ్ ఎక్కువ అరిగేది హెడ్‌స్టాక్ దగ్గర, ఎందుకంటే చిన్న జాబ్‌లన్నీ అక్కడే జరిగాయి. క్యారేజ్ బిగింపుని హెడ్‌స్టాక్ దగ్గర సరిచేసి టెయిల్‌స్టాక్ వైపు తోస్తే అక్కడ బిగుసుకుపోతుంది, అంటే అరుగుదల ఉందని అర్థం. టర్నర్లు దాన్ని చూసి పెదవి విరుస్తారు.

క్యూ పనిలో ఆ అరుగుదల ఎంత దెబ్బ తీస్తుందో చూద్దాం. బెడ్ అరిగి టూల్ 0.1 మి.మీ. కిందికి దిగిందనుకోండి, 13 మి.మీ. కర్ర మీద లావులో వచ్చే తేడా మి.మీ.లో వెయ్యో వంతు కంటే కొంచెం ఎక్కువ, శాండ్ పేపర్ రెండు గీకులకి అంతకంటే ఎక్కువే పోతుంది. టూల్ పక్కకి జరిగితే మాత్రం 0.1 జరిగిన చోట లావులో 0.2 తేడా వస్తుంది, వీ ఆకారం బెడ్ అరిగితే కిందికీ పక్కకీ రెండూ కొంచెం కొంచెం జరుగుతాయి. దాన్ని టేపర్ బార్ సర్దుబాటుతో చాలావరకు దిద్దుకోవచ్చు. దిద్దలేనిది స్పిండిల్ బేరింగ్. చక్ కింద కర్ర ముక్క పెట్టి పైకి ఎత్తితే డయల్ గేజ్ ముల్లు కదిలి వెనక్కి రాకపోతే, లేదా వేడెక్కాక శబ్దం మారితే, బేరింగ్ మార్చే ఖర్చు ధరలో తగ్గించుకోవాల్సిందే, పాత మోడల్ అయితే ఆ సైజు బేరింగ్ దొరుకుతుందో లేదో కనుక్కున్నాకే బేరం మొదలెట్టాలి.